‘నరహత్య చేయకూడదు’ అన్న ఆజ్ఞ ప్రకారం సైనికుడూ, ప్రమాదం చేసిన డ్రైవరూ హంతకులేనా?

గాజువాక నుంచి ఒక తమ్ముడు పెట్టిన ప్రశ్న ఇది, క్లుప్తంగా: నేవీలో అగ్నివీర్‌గా సెలెక్ట్ అయ్యారు. సంఘంలో ఒక పెద్దాయన ‘ఆజ్ఞ స్పష్టంగా ఉంది, యుద్ధనౌక ఎక్కినవాడు హంతకుడే’ అన్నారట. వాళ్ల మావయ్య లారీ డ్రైవరు. షీలానగర్ నుంచి పోర్టుకి వెళ్లే రోడ్డులో స్కూటర్ మీద వస్తున్న ఒకాయన ఆ లారీ కింద పడి చనిపోయారు. అప్పట్నుంచి మావయ్య ‘నేను నరహంతకుణ్ణి’ అంటూ ప్రభువు బల్లకి, అంటే రొట్టె, ద్రాక్షారసం తీసుకునే సంస్కారానికి, రావడం మానేశారు. మనిషి ప్రాణం తీయడం అంతా హత్యేనా, తేడా ఉంటే ఎక్కడుంది అని అడిగారు.

సూటిగా జవాబు: అంతా హత్య కాదు. నిరపరాధిని కావాలని చంపడం హత్య. పగతోనో లాభం కోసమో, తీర్పు చెప్పే అధికారం లేకుండా ఎవరి ప్రాణమైనా తీయడం హత్య. ప్రాణం పోతుందని తెలిసీ లెక్కచేయకపోవడాన్ని కూడా మోషే ధర్మశాస్త్రం ఆ దోషం కిందే చూస్తుంది. ఎంత జాగ్రత్త పడినా జరిగిన ప్రమాదంలో, దాడిని ఆపడానికి వేరే దారి లేనప్పుడు, న్యాయమైన అధికారం కింద జరిగే న్యాయమైన యుద్ధంలో ప్రాణం పోతే దాన్ని సంఘం హత్యగా లెక్కించలేదు. కానీ హత్య కాదు గనక మచ్చే లేదని కూడా సంఘం అనలేదు. ఈ రెండో సగం మన ప్రసంగాల్లో వినపడదు. అందువల్లే ఒకరు సైనికుణ్ణి హంతకుడంటారు, ఇంకొకరు జెండా ఊపి పంపించేసి మళ్లీ పట్టించుకోరు.

ముందు ఒక చిన్న విషయం, గందరగోళం లేకుండా. ఈ ఆజ్ఞని సీఎస్ఐ, బాప్టిస్టు సంఘాల్లో ఆరోది అంటారు, ఆర్‌సీఎం (రోమన్ కతోలిక) వారూ లూథరన్లూ ఐదోది అంటారు. లెక్కపెట్టే పద్ధతి వేరు, ఆజ్ఞ ఒకటే: నిర్గమకాండము 20:13.

కొందరు హీబ్రూ మూలంలో ఉన్న మాటకి ‘హత్య’ అనే అర్థం తప్ప ఇంకోటి లేదని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఆ వాదన నిలవదు. సంఖ్యాకాండము 35లో పొరపాటున చంపినవాడికి కూడా అదే మాట వాడారు. తేడా తెలియాలంటే ధర్మశాస్త్రం ఒక్కో కేసులో ఏం తీర్పు చెప్పిందో చూడాలి.

ఆ 35వ అధ్యాయం ఒకసారి నెమ్మదిగా చదవండి. 16 నుంచి 18 వచనాల్లో ఇనుప ఆయుధం, చేతిలో పట్టే రాయి, చేతికర్ర అని పనిముట్లు పేరుపేరునా ఉన్నాయి. దెబ్బకి ప్రాణం పోయేంతటి వస్తువు ఎత్తినవాడు ‘చావాలని కొట్టలేదు’ అంటే చెల్లదన్నమాట. 20, 21 వచనాలు పగనీ, పొంచి ఉండడాన్నీ చూస్తాయి. 22, 23 వచనాల్లో పగ లేకుండా హఠాత్తుగా తోసినవాడూ, మనిషిని చూడకుండా రాయి జారవిడిచినవాడూ వస్తారు. ద్వితీయోపదేశకాండము 19:5 ఇంకా స్పష్టం: అడవిలో చెట్టు నరుకుతుంటే గొడ్డలి పిడి నుంచి ఊడి పక్కవాడికి తగిలింది. అలాంటివాడి కోసం యొర్దానుకి ఇటు మూడు, అటు మూడు, మొత్తం ఆరు ఆశ్రయపురాలు (చనిపోయినవాడి బంధువుల పగ నుంచి తలదాచుకునే ఊళ్లు) పెట్టారు. యెహోషువ 20వ అధ్యాయంలో వాటి పేర్లున్నాయి: కెదెషు, షెకెము, హెబ్రోను, బేసెరు, రామోతు, గోలాను.

ఇక్కడ చాలామంది దాటేసే వచనం ఒకటుంది. పొరపాటున చంపినవాడు హంతకుడు కాదని సమాజం తీర్పు చెప్పాక కూడా ఇంటికి వెళ్లిపోడు. ప్రధానయాజకుడు చనిపోయేదాకా ఆ ఊళ్లోనే ఉండాలి. 31వ వచనం హంతకుడి దగ్గర డబ్బు తీసుకుని వదిలేయొద్దంటుంది. 32వ వచనం, ఆశ్రయపురంలో ఉన్నవాడు ముందుగా ఇంటికి పోవడానికి డబ్బు కట్టినా తీసుకోవద్దంటుంది. అంటే ప్రమాదం చేసినవాడి ప్రాణానికి రక్షణ ఉంది, అయినా పోయిన ప్రాణానికి ధర కట్టి చేతులు దులుపుకోవడం కుదరదు. నేను చెప్పదలచినదంతా ఆ రెండు వచనాల్లోనే ఉంది.

అజాగ్రత్త సంగతి. నిర్గమకాండము 21:28, 29లో ఎద్దు మనిషిని పొడిచి చంపిన కేసు ఉంది. ఎద్దుకి ముందు ఆ అలవాటు లేకపోతే యజమాని నిర్దోషి. పొడిచే ఎద్దని ఇరుగుపొరుగు చెప్పినా కట్టేయకపోతే యజమానికి కూడా మరణశిక్షే. ద్వితీయోపదేశకాండము 22:8లో కొత్త ఇల్లు కట్టేవాడు డాబాకి పిట్టగోడ కట్టాలి, లేకపోతే పడి చనిపోయినవాడి రక్తదోషం ఆ ఇంటి మీదికి వస్తుంది. పిట్టగోడ కట్టనివాడికి ఎవరి మీదా పగ లేదు, అయినా దోషం ఉంది. 13వ శతాబ్దపు వేదాంతి థామస్ అక్వినాస్ దీన్నే రెండు షరతులుగా చెప్పాడు: అనుకోకుండా ప్రాణం తీసినవాడు నిర్దోషి కావాలంటే ఆ సమయంలో అతను చేస్తున్న పని చేయదగినదై ఉండాలి, తీసుకోవలసిన జాగ్రత్త తీసుకుని ఉండాలి.

విశాఖలో ఉన్నవాళ్లకి ఇది దూరపు విషయం కాదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరిన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. చట్టప్రకారం ఎవరి బాధ్యత ఎంతో కోర్టులు తేలుస్తాయి. ఫ్యాక్టరీల్లో, పోర్టులో, సైట్లలో పనిచేసే విశ్వాసులు మాత్రం తమని తాము అడగాల్సిన ప్రశ్న ఆ ఎద్దు కేసులో ఉంది: ప్రమాదం ఉందని ముందే తెలుసా? తెలిసీ కట్టేయలేదా? సేఫ్టీ రిజిస్టర్‌లో చూడకుండా సంతకం పెట్టడం ఆరో ఆజ్ఞకి సంబంధించిన విషయమే.

మీ మావయ్య గారి దగ్గరికి వద్దాం. ‘మీరు హంతకుడు కాదు, దిగులు పడకండి’ అని భుజం తట్టి వదిలేయకండి. ఆయన మనసు ఒప్పుకోదు, ఒప్పుకోకపోవడం న్యాయమే. నమ్మకమైన కాపరి (పాస్టరు) ఒకరు ఆయనతో కూర్చుని ఆ రోజు జరిగినదాన్ని భాగాలుగా అడగాలి. బండి ఎంత స్పీడులో ఉంది? అప్పటికి ఎన్ని గంటలుగా నిద్ర లేదు? తాగి ఉన్నారా? చేతిలో ఫోన్ ఉందా? బ్రేకులు సరిగా లేవని తెలుసా? తెలిసి ఓనర్‌కి చెప్పారా? అన్నిటికీ జవాబు శుభ్రంగా ఉంటే ఆయన పిడి ఊడిన గొడ్డలివాడు. ఆయనకి కావలసింది దుఃఖించడానికి చోటు, తోడు ఉండే మనుషులు. ఒకటి రెండు జవాబులు శుభ్రంగా లేకపోతే, ఒప్పుకోవలసింది సరిగ్గా ఆ ఒకటి రెండే: ‘నిద్ర వస్తున్నా ట్రిప్పు కోసం నడిపాను.’ ‘నేను హంతకుణ్ణి’ అన్న పెద్ద మాట చాలాసార్లు ఆ చిన్న నిజాన్ని కప్పేస్తుంది. కప్పేసిన దాన్ని ఒప్పుకోలేం, ఒప్పుకోని దానికి క్షమాపణ దొరికినా మనసుకి అందదు. బ్రేకులు బాగాలేవని చెప్పినా ట్రిప్పుకి పంపిన ఓనర్ ఉంటే, పొడిచే ఎద్దు యజమాని ఆయనే. ఆ భాగం భారం మావయ్య మొయ్యక్కర్లేదు.

చట్టం వైపు కూడా తెలిసి ఉండాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో హత్య నిర్వచనం సెక్షన్ 101, హత్య కిందికి రాని నేరపూరిత నరహత్యకి శిక్ష సెక్షన్ 105, నిర్లక్ష్యం వల్ల మరణానికి సెక్షన్ 106. ఈ చివరిదానికి ఐదేళ్ల వరకు శిక్ష పడొచ్చు. అంతకు ముందు జరిగినవాటికి పాత ఐపీసీ 304ఎ, గరిష్ఠం రెండేళ్లు. చట్టంలో నిర్దోషిగా బయటపడడం, దేవుని ముందు ఒప్పుకోవలసింది ఒప్పుకోవడం రెండూ వేర్వేరు పనులు. ఒకటి రెండోదాన్ని రద్దు చేయదు.

విశ్వాసి అయినవాడు ప్రమాద కేసుల్లో చేయకూడనివి కొన్ని ఉన్నాయి, మన దగ్గర మామూలుగా జరిగిపోయేవే. డ్రైవర్‌ని మార్చి వేరొకరి పేరు పెట్టడం. గాయపడిన మనిషిని వదిలి పారిపోవడం; వైద్యం అందేలా చూడాలనీ, పోలీసులకి చెప్పాలనీ మోటారు వాహనాల చట్టం 134వ సెక్షనే చెబుతోంది. సాక్షిని మేనేజ్ చేయడం. చనిపోయినవారి ఇంటికి పెద్దమనుషులతో వెళ్లి కొంత డబ్బు చేతిలో పెట్టి కేసు వెనక్కి తీసుకోమనడం. పరిహారం ట్రిబ్యునల్ ద్వారా వాళ్లకి పూర్తిగా అందేలా నిజం చెప్పడమే మొదటి ప్రాయశ్చిత్తం. పరామర్శకి వెళ్లాలనుకుంటే ముందు లాయర్‌ని అడగండి, కాపరిని వెంట తీసుకెళ్లండి, కేసు మాట ఎత్తకండి. వాళ్లు తలుపు వేసేస్తే నొచ్చుకోకుండా వచ్చేయాలి. క్షమించమని వాళ్లని తొందరపెట్టే హక్కు మనకి లేదు.

ఇక నేవీ సంగతి. మీ సంఘ పెద్ద గారి మాటని తేలిగ్గా కొట్టేయకండి, ఆ మాట వెనక చాలా పాత వరుస ఉంది. తొలినాళ్ల సంఘ రచయిత తెర్తుల్లియను, ప్రభువు పేతురు చేతిలో కత్తి దించమన్నప్పుడే ప్రతి సైనికుడి నడుము నుంచీ కత్తి విప్పేశాడన్నాడు. 295లో ఉత్తర ఆఫ్రికాలో మాక్సిమిలియన్ అనే 21 ఏళ్ల యువకుడు సైన్యంలో చేరనని నిలబడి ప్రాణం ఇచ్చాడు. 1527లో ష్లైట్‌హైమ్‌లో అనబాప్టిస్టులు కత్తి క్రీస్తు పరిపూర్ణతకి బయటిదని రాసుకున్నారు. మెనొనైట్ సంఘాలు ఆ దారిలోవే. ఇది పిరికితనం నుంచి వచ్చిన బోధ కాదు, దానికి వాళ్లు రక్తంతో వెల కట్టారు.

అయితే ఆ వరుస కూడా ప్రతి సైనికుణ్ణీ హంతకుడు అనలేదు. హిప్పొలితుకి ఆపాదించే ‘అపొస్తలిక సంప్రదాయం’ అనే పాత నియమావళిలో, బోధ వింటున్న క్రైస్తవుడు కొత్తగా సైన్యంలో చేరాలనుకుంటే వద్దని ఉంది. అప్పటికే సైనికుడిగా ఉన్నవాణ్ణి మాత్రం వెళ్లగొట్టలేదు. చంపమంటే చంపకూడదని నేర్పించి బోధకి చేర్చుకోమంది. కొత్త నిబంధనలో బాప్తిస్మమిచ్చే యోహాను దగ్గరికి సైనికులు వచ్చి ‘మేమేం చేయాలి’ అని అడిగితే (లూకా 3:14) ఉద్యోగం మానేయమనలేదు. ఎవరినీ బాధపెట్టి గుంజుకోవద్దు, అబద్ధపు నేరాలు మోపవద్దు, జీతంతో తృప్తిపడండి అన్నాడు. శతాధిపతి కొర్నేలీకి బాప్తిస్మం ఇచ్చేటప్పుడు పేతురు రాజీనామా అడిగినట్టు అపొస్తలుల కార్యములు 10లో లేదు. రోమా 12:19 పగ తీర్చుకోవద్దని ప్రతి విశ్వాసికీ చెబుతుంది, ఆ వెంటనే 13:4 అధికారి ఖడ్గం ఊరకే ధరించలేదంటుంది. వ్యక్తిగా నాకు లేని అధికారం న్యాయం నిలబెట్టడానికి పాలకుడికి ఉందన్నది ఆ రెండు అధ్యాయాల వరుస. అగస్టీను, అక్వినాస్, లూథర్ ముగ్గురూ ఈ దారినే పట్టారు. అక్వినాస్ యుద్ధానికి మూడు షరతులు పెట్టాడు: అధికారం ఉన్న పాలకుడు ప్రకటించాలి, కారణం న్యాయమైనదై ఉండాలి, ఉద్దేశం సరైనదై ఉండాలి. సంఘంలో ఎక్కువ భాగం నిలబడింది ఇక్కడే, నేనూ ఇక్కడే నిలబడతాను.

యూనిఫాం ఉంది కాబట్టి హత్య కాదు అనుకుంటే మాత్రం పెద్ద పొరపాటు. దావీదు రాజు ఎవరి భార్యని తీసుకున్నాడో ఆ సైనికుడు ఊరియా ఎలా చనిపోయాడో చూడండి. యుద్ధంలో చనిపోయాడు. శత్రువు చేతిలో చనిపోయాడు. సేనాధిపతి ఆజ్ఞ ప్రకారం నిలబడ్డ చోట చనిపోయాడు. రికార్డు తిరగేస్తే అది యుద్ధమరణం. నాతాను ప్రవక్త మాత్రం దావీదు దగ్గరికి వచ్చి, అమ్మోనీయుల ఖడ్గంతో అతణ్ణి నువ్వే చంపావు అంటాడు (2 సమూయేలు 12:9). అహాబు రాజుకి ద్రాక్షతోట దక్కాలని చంపించిన నాబోతు కేసులో కోర్టు ఉంది, ఇద్దరు సాక్షులున్నారు, శిక్ష పద్ధతి ప్రకారం అమలైంది. దేవుడు దానికి పెట్టిన పేరు హత్యే (1 రాజులు 21:19). 390లో రోమా చక్రవర్తి థియోడోసియస్ థెస్సలొనీకలో ఒక అధికారిని చంపారన్న కోపంతో ఊరి జనం మీదికి సైన్యాన్ని తోలాడు, వేలమంది చచ్చిపోయారని పాత చరిత్రకారులు రాశారు. మిలాను బిషప్పు అంబ్రోసు, బహిరంగంగా పశ్చాత్తాపపడేదాకా చక్రవర్తికి సంస్కారం ఇవ్వనని నిలబడ్డాడు. చక్రవర్తి లొంగాడు.

సముద్రం మీద ఈ గీత ఎక్కడుందో చూపించే కేసు ఒకటి చెబుతాను, మీకు పనికొస్తుంది. 1944 మార్చి 13 రాత్రి అట్లాంటిక్‌లో జర్మన్ జలాంతర్గామి యూ-852, పెలియస్ అనే గ్రీకు ఓడని టార్పెడోతో ముంచింది. అక్కడిదాకా అది యుద్ధం. ఆ తర్వాత కమాండర్ ఎక్, ఆనవాళ్లు దొరికితే విమానాలు తన మీదికి వస్తాయని, తేలుతున్న తెప్పల మీదికి మెషిన్‌గన్లు పేల్పించాడు. వాటిని పట్టుకుని మనుషులున్నారు. 35 మందిలో ముగ్గురే మిగిలారు. 1945లో హాంబర్గ్‌లో బ్రిటిష్ సైనిక కోర్టు ‘నా నౌకని కాపాడుకోవడానికి తప్పలేదు’ అన్న వాదన ఒప్పుకోలేదు. ఎక్‌తో పాటు మరో ఇద్దరిని కాల్చి చంపారు. ఇంజనీరు లెంజ్ ముందు ఆ ఆజ్ఞకి అభ్యంతరం చెప్పాడు, తర్వాత తనూ కాల్చాడు. అతనికి యావజ్జీవం పడింది. ఒకే రాత్రి, ఒకే నౌక, అదే శత్రువు. టార్పెడో యుద్ధచర్య, తెప్పల మీద కాల్పులు హత్య. నీళ్లలో పడినవాడు ఇక దాడి చేయలేడు కాబట్టే ఈ తేడా. 1949 నాటి రెండో జెనీవా ఒప్పందం ఒక మెట్టు పైకెళ్లి, పోరు ముగిశాక నీళ్లలో ఉన్నవాళ్లని వెతికి కాపాడడానికి చేయగలిగినదంతా చేసే బాధ్యత పోరులో ఉన్న రెండు పక్షాల మీదా పెట్టింది.

న్యాయంగా చేసిన యుద్ధంలో చంపినవాడికి కూడా ఏమీ మిగలదా? మిగులుతుంది. దావీదు యుద్ధాల్లో చాలావాటికి దేవుని అనుమతే ఉంది, అయినా నువ్వు బహుగా రక్తం ఒలికించావు గనుక మందిరం కట్టకూడదన్నాడు (1 దినవృత్తాంతములు 22:8). నాలుగో శతాబ్దంలో కైసరయ బిషప్పు బాసిలు దీన్ని సంఘ నియమంగా లెక్కలోకి తెచ్చాడు: కావాలని హత్య చేసినవాడు 20 ఏళ్లు సంస్కారానికి దూరం, అనుకోకుండా ప్రాణం తీసినవాడు 10 ఏళ్లు. యుద్ధంలో చంపడాన్ని మన పితరులు హత్యగా లెక్కించలేదు, అయినా చేతులు శుభ్రంగా లేవు కాబట్టి మూడేళ్లు దూరంగా ఉండడం మంచిదేమో అని సలహాగా రాశాడు. ఆ ఏళ్లు ఇవాళ మన సంఘాల్లో ఎవరూ పాటించరు, పాటించమని నేనూ అనను. ఆ మూడు అంకెల వెనక ఉన్న తూకం మాత్రం సరైనది.

బీచ్ రోడ్డులో ‘విక్టరీ ఎట్ సీ’ స్తూపం దగ్గర నిలబడినప్పుడు ఇది గుర్తుంచుకోండి. 1971 డిసెంబరు తొలి రోజుల్లో మన హార్బర్ బయట మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీలో ఒక్కరూ బతకలేదు. ఊరు దక్కినందుకు దేవుణ్ణి స్తుతించవచ్చు, అడుగున ఉండిపోయిన ఆ మనుషుల కోసం దుఃఖించాలి కూడా. న్యాయమైన యుద్ధాన్ని కూడా బాధ లేకుండా తలచుకోగలిగినవాడు మనిషితనమే పోగొట్టుకున్నాడని అగస్టీను రాశాడు.

ఆత్మరక్షణ మీరు అడగలేదు, అయినా రెండు మాటలు. నిర్గమకాండము 22:2, 3 ప్రకారం రాత్రి కన్నం వేస్తున్న దొంగ దెబ్బకి చస్తే రక్తదోషం లేదు, తెల్లవారాక అయితే ఉంది. చీకట్లో వాడెందుకొచ్చాడో తెలియదు, పట్టపగలు సాయం పిలవచ్చు. అక్వినాస్ కూడా దాడిని ఆపడానికి చాలినంత బలమే వాడాలి అంటాడు, మన న్యాయ సంహిత 37వ సెక్షన్ కూడా అవసరానికి మించి హాని చేయొద్దంటుంది. గోడ దూకి పారిపోతున్నవాడి తల మీద రాడ్‌తో కొట్టడం ఆత్మరక్షణ కాదు. దొరికిన దొంగని కరెంటు స్తంభానికి కట్టేసి చచ్చేదాకా కొట్టడం, చిల్లంగి చేసిందని ఊరంతా కలిసి ముసలమ్మని చంపడం నిఖార్సైన హత్యలు. వందమంది తలో దెబ్బ వేస్తే పాపం వందో వంతు అవదు.

మత్తయి 5:22 చూపించి ‘కోపమే హత్య, ఇక తేడాలెందుకు’ అనేవాళ్లకి: ప్రభువు హత్యకి వేరు ఎక్కడుందో చూపించాడు. చంపడమూ కోప్పడడమూ ఒకే శిక్షకి తగినవని చెప్పలేదు. మరణశిక్ష విషయంలో సంఘాల మధ్య ఏకాభిప్రాయం లేదు. కతోలిక సంఘం 2018లో తన బోధని మార్చి అది ఎక్కడా అంగీకారం కాదంది, ఆదికాండము 9:6 ఆధారంగా ఒప్పుకునే ప్రొటెస్టెంట్లు ఇంకా ఉన్నారు.

చేరే ముందు మీరు తేల్చుకోవలసింది ఒకటి. మనది స్వచ్ఛందంగా చేరే సైన్యం, చేరాక ‘ఈ యుద్ధానికి మనస్సాక్షి ఒప్పుకోదు’ అంటే పక్కకి తప్పించే ఏర్పాటు లేదు. పెద్దాయన చెప్పినదే సత్యమని మీ మనసు నిజంగా నమ్ముతుంటే చేరకండి. నమ్మకం లేకుండా చేసేది మీకు పాపమే (రోమా 14:23). చేరేటట్టయితే, నీళ్లలో ఉన్నవాడి మీద, లొంగిపోయినవాడి మీద, సామాన్యుల మీద కాల్చమన్న ఆజ్ఞ వస్తే ఏం చెప్పాలో ఇప్పుడే తేల్చుకోండి. ఆ రాత్రి ఆలోచించుకోవడానికి టైం ఉండదు. లెంజ్ అభ్యంతరం చెప్పి కూడా ఆ ఒక్క మెట్టు దగ్గరే జారాడు.

మావయ్య గారి విషయంలో ఆలస్యం చేయకండి. వచ్చే సంస్కారపు ఆదివారానికి ముందే కాపరి అయ్యగారిని ఇంటికి పిలవండి, పైన రాసిన ప్రశ్నలు ఆయన చేతనే అడిగించండి. మావయ్య నోటితో చెప్పినదంతా విన్నాక, క్షమాపణ మాట కూడా అయ్యగారే పేరు పెట్టి, బయటికి చెప్పాలి. నిద్ర పట్టకపోవడం, ఆ రోడ్డు చూస్తే వణుకు రావడం లాంటివి ఉంటే కేజీహెచ్‌లోనో, దగ్గర్లో ఇంకెక్కడైనానో మానసిక వైద్యుడికి చూపించండి. అది విశ్వాసం తక్కువై వచ్చింది కాదు. మళ్లీ స్టీరింగ్ పట్టుకోవడం గురించి ఇప్పుడే ఎవరూ తొందరపెట్టొద్దు.